గుట్ట మీది చిన్న నత్త

ఆగస్టు 3, 2008, ఆదివారం

నా పేరు లచ్చమ్మ. డెబ్బై దాటాయి. మణుగూరు అవతల, గుట్ట కింది పల్లె. ఇంట్లో నేనూ, రెండు మేకలూ. పెనిమిటి పోయాడు. బిడ్డ కన్నమ్మ జ్వరంతో పోయింది. గుట్ట మీద ఆమె పేర రాయి నిలిపాం.

నాకు అక్షరం రాదు. చెప్పేది నేను, రాసేది మార్త. పక్కింటి కోడలు, అంగన్‌వాడీ ఆయా. చర్చి నుంచి నేరుగా వచ్చింది. "జల్దీ చెప్పు పెద్దమ్మా, పొయ్యి మీద అన్నముంది." ఉండనీ.

గుట్టను కంకరకు ఇచ్చేశారు. వానలు పోగానే మిషన్లు వస్తాయట. కన్నమ్మ రాయి కూడా కంకరే అవుతుందా... అందుకే రాయిస్తున్నా.

ఆగస్టు 5

నత్తల మేడం వచ్చింది, పట్నం మనిషి. గుట్ట మీద ఏ ప్రాణులున్నాయో చూసి సర్కారుకు చెప్పే పని. వానలో కూర్చుని ఆకులు తిరగేస్తుంది. పిచ్చిదేమో అనుకున్నా.

గుట్ట మీంచి వరదకు కొట్టుకొచ్చిన ఖాళీ నత్తగుల్ల ఆమె చేతిలో పెట్టాను. ఎడమకు తిరిగిన గుల్ల. చాలాసేపు తిప్పి చూసింది. ఇలాంటిది ఇంకెక్కడా చూడలేదట. కొత్త జాతి అని తేలితే గుట్ట పని ఆపమని అడుగుతుందట. "ఆపుతారో లేదో నేను చెప్పలేనమ్మా." అబద్ధమాడలేదు. నచ్చింది.

కానీ ఖాళీ గుల్ల చాలదు. ఎప్పుడు చచ్చిందో ఎవరికి తెలుసు. బతికున్నదాన్ని నీళ్లలో ముంచి చంపాలి, స్పిరిట్‌లో పెట్టాలి, లోపల కోసి చూడాలి. అప్పుడే జాతి తేలుతుంది.

లేచి వచ్చేశాను. సీసాలు మాత్రం మార్తకిచ్చి వెళ్లిందట.

ఆగస్టు 6

గుట్ట మీద ప్రాణం తీయరాదు. కత్తి కింద పెట్టి ఎక్కుతాం. పొలంలో నత్తల్ని వండుకు తింటాం, గుట్ట నత్తను ముట్టం. బయటివాళ్లు సగం దాటి ఎక్కకూడదు. ఆ నత్తలేమో పైనే ఉంటాయి. అంటే చంపితే నేనే చంపాలి.

ఆగస్టు 10

మరిది ముత్తయ్య వచ్చాడు. గుట్ట పూజారి.

"ఏంది వదినా, మేడమ్‌కు నత్తల కూర వండుతున్నవంట."

"నీకు పెట్టనులే."

"నవ్వులాట కాదు. గుట్ట మీద ప్రాణం తీస్తే ఊరు నిన్ను రానియ్యదు."

"మిషన్లు గుట్టనే తీస్తయి గదా. పోయి వాటికి చెప్పు గట్ల."

అతని చేతిలో బీడీ ఆరిపోయింది. మళ్లీ ముట్టించలేదు. వెళ్లిపోయాడు.

ఆగస్టు 13

వాన. ఎక్కాను. ఆకుల అడుగున ఉన్నాయి — పెద్దవి, చిన్నవి. పెద్దదాని మీద చేయి వేశాను. కొమ్ములు లోపలికి లాక్కుంది. వదిలేశాను.

అన్నిట్లో చిన్నదాన్ని తీసుకున్నా. చిన్న ప్రాణం, చిన్న పాపం... అదీ నా లెక్క. కొంగున ముడేశాను. దారంతా నడుముకు తడి తగులుతూనే ఉంది.

ఆగస్టు 14

సీసా నిండా నీళ్లు. మూత నేనే బిగించాను. చంపేది నేనైనప్పుడు చూడాల్సింది కూడా నేనే. మెల్లగా ఒళ్లంతా బయటికి చాచింది. అట్లాగే ఉండిపోయింది.

"మా దేవుడు నత్తలకు లెక్క అడగడు పెద్దమ్మా" అంటుంది మార్త.

"మావోళ్లు అడుగుతరు బిడ్డా."

స్పిరిట్ సీసాలో వేసి మార్తే మణుగూరులో మేడం మనిషికి ఇచ్చి వచ్చింది.

ఆగస్టు 24

ఊరికి తెలిసింది. బోరింగు దగ్గరికి పోతే బిందెలు తీసుకుని పక్కకు జరిగారు. నా మేకల్ని మందలో కలవనివ్వలేదు.

సెప్టెంబర్ 14

కబురు లేదు.

నవంబర్ 2, ఆదివారం

మేడం వచ్చింది. ఇన్నాళ్లూ అడవులు తిరిగి, మొన్ననే సీసా విప్పిందట. నా మొహం చూడదు.

"ఇది పిల్ల నత్తమ్మా, ఎదగలేదు. గుల్ల అంచు మందమై బయటికి తిరగలేదు. కడుపులో ఏదీ ఎదగలేదు. వేరే జాతుల పిల్లలు కూడా ఇలాగే ఉంటాయి. దీన్నిబట్టి ఏ జాతో చెప్పలేను."

"పెద్దది కావాలని చెప్పలేదేం?"

"వెతికి చిన్నదాన్ని తెస్తావని అనుకోలేదమ్మా."

నేను వెతికే తెచ్చాను. ఊరినీ పోగొట్టుకున్నా, నత్తనూ చంపా, దేనికీ పనికిరాలేదు. మేడం వచ్చే వారం సర్కారుకు తన మాట చెప్పెయ్యాలట. మిషన్లకు దారి చదును చేస్తున్నారు. ఇక్కడికి వినిపిస్తోంది.

నవంబర్ 3

వానలు పోతే నత్తలు మూతికి తెల్లపొర వేసుకుని రాళ్ల కింద నిద్రపోతాయి. పైన ఇప్పుడు తడి నిలిచేది ఒక్క చోటే — కన్నమ్మ రాయి అడుగున. ఏటా నూనె పూయడానికి పోతాను. అంచు కింద తెల్లగా కనిపిస్తాయి. పెద్దవి. రాయి లేపితే తప్ప చేతికి అందవు.

ఆ రాయి కదలకూడదనే కదా ఇదంతా.

గడ్డపార గోడకు ఆనించి ఉంది.

మార్త నన్ను ఉసిగొల్పలేదు, మేడం బలవంతం చెయ్యలేదు. చేసింది నేను, చెయ్యబోయేది నేను. ఊరు అడిగితే ఇది చదివి వినిపించండి.

లచ్చమ్మ, ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షి: మార్త, సంతకం చేసింది.

సాక్షి: ముత్తయ్య. పిలిస్తే వచ్చాడు. వేలికి సిరా పూసుకున్నాడు. గడ్డపార వైపు చూస్తున్నాడు. ముద్ర ఇంకా వెయ్యలేదు.