అమ్మ నోట్లో వేసిన పూస

చి. సుధామయికి అక్క ఆశీస్సులు.

మంగళవారం పొద్దున ఎప్పట్లాగే స్నానం చేసి, స్టవ్ మీద పాలు పెట్టి, దేవుడి సామాను తోముతున్నాను. లక్ష్మీదేవి పాదాల దగ్గర పెట్టిన బంగారు పూసకి ఆకుపచ్చ చిలుము కనిపించింది. ఆన్‌లైన్‌లో కొన్న జతలో ఒకటది. రెండోది దహనానికి ముందు అమ్మ నోట్లో వేశాం.

ఇక్కడ స్కార్‌బరోలో నగల షాపాయనకి చూపిస్తే గీటురాయి మీద గీసి, "ఇత్తడి, ఆంటీ. హాల్‌మార్క్ చూసుకోలేదా?" అన్నాడు. లేదు. అమ్మేవాడి స్టార్లు చూశాను. ఆర్డర్ పెట్టిననాటికి అమ్మ హాస్పిటల్లో ఇంకా మాట్లాడుతూనే ఉంది.

ఇప్పుడు జపానికి కూర్చుంటే అమ్మ నోరు తెరుచుకునే కనిపిస్తోంది.

సాయంత్రం నాన్నగారికి చెప్పాను. "మీ అమ్మని ఇత్తడితో పంపామా" అన్నారు. ఆదివారం అస్థికలు కలిపేటప్పుడు అమ్మ ముక్కుపుడక వేయాలని ఇంట్లో అందరం అనుకున్నాం. అది నువ్వు పెట్టుకున్నావు. తీసి పట్టుకురా, తల్లీ.

అక్క