మా వీధి పైపు

అల్లుడు గారికి,

ఎదురుగా ఉంటే నాకు నోరు పెగలదు, అందుకే రాస్తున్నాను. నిన్న ఆడిటర్ గారు మా వీధికి వచ్చారు. మున్సిపల్ కౌన్సిల్ అప్పు తెచ్చి ఇక్కడ మంచినీళ్ల పైపు వేసిందట. వేసినట్టు ఉన్న కాగితం మీద సాక్షి సంతకం నాది.

"పైపు ఎక్కడుంది పెద్దాయనా?" అన్నారు. పైపు లేదండీ, సంతకం మాత్రం నాదే అన్నాను.

ఆ కాగితం తెచ్చింది మీరే. "మీ పింఛను పనే మామయ్యా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నారు. కౌన్సిల్ గుమాస్తా మన అల్లుడే కదా అని చదవకుండా పెట్టాను. పింఛనూ రాలేదు.

సోమవారం ఆయన మళ్లీ వస్తారు. ఈలోగా మీరే వెళ్లి జరిగింది చెప్పండి. లేకపోతే నేను చెప్పాల్సి వస్తుంది.

అమ్మాయి ఫోన్ చేసింది. మీ ఇంటి మీద కొత్త గది వేస్తున్నారని సంబరంగా చెప్పింది. డబ్బెక్కడిదని నేను అడగలేదు.

మీ మామ