లసాన్యాకి ఉప్పు చూడమన్న ఉదయం

1934 ఏప్రిల్ 8, ఆదివారం

ఇవాళే రాయాలి. రేపటికి వదిలేస్తే జరిగినదాన్ని నాకు అనుకూలంగా సర్దుకుంటాను. లెక్కల పుస్తకంలో ఏనాడూ అలా చేయలేదు. ఇక్కడా చేయను.

ఫాదర్‌గారు మూడు నెలలకోసారి మేం ఓడెక్కి వలస వచ్చిన ఈ రబ్బరు ఎస్టేటుకి వస్తారు. ఇటలీ మనిషి. ఆయన కోసం లసాన్యా, వాళ్ల దేశపు పిండిరేకుల వంటకం. విశాఖపట్నం కాన్వెంటులో చదివేటప్పుడు వంటింటి సిస్టర్ నేర్పింది.

తెల్లవారకముందే మొదలుపెట్టాం. ఇక్కడి తూకంలో ఒక కాటీ మైదా, ఆరు గుడ్లు, చిటికెడు ఉప్పు. నీళ్లు పోయకూడదు. పూరీపిండి కన్నా గట్టిగా కలిపి, తడిగుడ్డ కప్పి ఉంచి, ఆనక రేకులు ఒత్తాలి — అవతలి చెయ్యి కనపడేంత పల్చగా. కోడలు మరియ ఒత్తింది. నాకన్నా పల్చగా. పైకి అనలేదు.

మా అబ్బాయి శౌరితో పెళ్లికి ముందు ఆమె పేరు నర్సమ్మ. బాప్తిస్మం అయింది గానీ సత్ప్రసాదం — పూజలో ఫాదర్ నాలుక మీద పెట్టే అప్పం — ఇంకా లేదు. విశ్వాస సంగ్రహం జపమంతా తడబడకుండా చెప్పేదాకా ఇవ్వవద్దని ఫాదర్‌గారికి చెప్పింది నేనే. రెండేళ్ల నుంచి అదే మాట మీద ఉన్నాను.

ఎద్దు మాంసం సన్నగా కొట్టి, టమాటాలతో నూనె తేలేదాకా ఉడికించాను. వెన్న, మైదా, పాలతో తెల్లగుజ్జు. రెండూ దించాక ఉప్పు చూడాలి. నేను చూడకూడదు — సత్ప్రసాదం తీసుకునేవాళ్లు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు కూడా ముట్టరు.

"మరియా, ఉప్పు చూడు."

"ఒద్దత్తా."

తల వంచుకుంది. పెదాల మీద నవ్వులాంటిది కూడా. ఎద్దు మాంసమని రోత అనుకున్నాను. పాత దేవుడింకా లోపలే ఉన్నాడనుకున్నాను.

"ఎన్ని బాప్తిస్మం నీళ్లు పోసినా నర్సమ్మ నర్సమ్మేనన్నమాట!"

పక్కింటి సూరమ్మ నిప్పు కోసం వచ్చి గుమ్మంలో నిలబడే ఉంది. వింది.

"అది గాదత్తా, నాను..."

గరిటె ఆమె నోట్లో పెట్టాను. మింగేదాకా చూశాను.

"సరిపోనాది," అంది. అంతే.

గుడిలో మరియ వెనక వరసలోనే ఉండిపోయింది. నేను ముందుకి వెళ్లి సత్ప్రసాదం తీసుకున్నాను. నిశ్చింతగా.

పూజ తర్వాత పేర్చాను. రేకుల్ని మరిగే నీళ్లలో రెండేసి చొప్పున వేసి, తీసి, గుడ్డ మీద ఆరేయాలి. పళ్లెం అడుగున ముందు కూర రసం రాయాలి, లేకపోతే అడుగు రేకు అంటుకుంటుంది. రేకు, మాంసం, తెల్లగుజ్జు, తురిమిన డబ్బా ఛీజు. మళ్లీ రేకు, ఈసారి అడ్డంగా. అలా ఐదు వరసలు. ఆఖరి రేకు మీద గుజ్జు, ఛీజు మాత్రమే. మాంసం వేస్తే మాడుతుంది.

మనవరాలు రోజా, మా పెద్దవాడి కూతురు, పక్కన చేరింది. "మామ్మా, దానికెన్ని దుప్పట్లు కప్పుతావు? ఉక్కపోసి సచ్చిపోద్ది!"

ఖాళీ కిరసనాయిలు డబ్బాతో చేసిన పొయ్యి. కింద నిప్పు తక్కువ, పైమూత మీద కొబ్బరిచిప్పల నిప్పు ఎక్కువ. పైన ఎర్రబడ్డాక దించి, కాసేపు ఆగి కోయాలి. తొందరపడితే వరసలు జారిపోతాయి.

బాగా కుదిరింది. ఉప్పు సరిగ్గా ఉంది. చూడనక్కరే లేకపోయింది.

ఫాదర్‌గారు రెండో ముక్క వేయించుకుంటూ, ఎస్టేటు కూలీల కోసం నేర్చుకున్న తమిళంలో అడిగారు — మీ కోడలు ఎందుకు ముందుకి రాలేదు? నిన్న సాయంత్రం పాపాలు చెప్పుకునే పాపసంకీర్తనానికి వచ్చింది, నేనే పరీక్షించాను, ఒక్కచోట తడబడలేదు, సత్ప్రసాదానికి అనుమతిచ్చాను. మీకు చెప్పొద్దని బతిమాలింది. మీ పక్కనే మోకరించి మిమ్మల్ని ఆశ్చర్యపరచాలనుకుంది...

మరియ నీళ్ల చెంబుతో అక్కడే ఉంది. నా వైపు చూడలేదు.

ఆమె కూడా ఉపవాసం ఉంది. నేనే భంగం చేశాను.

"ఒంట్లో బాగాలేదు ఫాదర్‌గారూ, పొద్దున్నే ఏదో తింది," అన్నాను.

ఏదో తింది! ఎవరు తినిపించారో చెప్పలేదు.

ఏప్రిల్ 9

మరియ చీకటితోనే రబ్బరు చెట్లు గీయడానికి వెళ్లింది. వచ్చి వండింది. నాకు వడ్డించింది. తను తర్వాత తింది.

కుళాయి దగ్గర సూరమ్మ — "ఏటి పిన్నీ, నీ కోడల్ని ఫాదరు ఒద్దన్నాడట గదా? ఇంకా సింహాద్రప్పన్నకే మొక్కుతాందేటి?"

అందరూ నవ్వారు. మరియ బిందె కింద పెట్టలేదు, మారు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. ఆమె ఊరుకోవడం వేరు. నేను ఊరుకోవడం వేరు.

ఏప్రిల్ 10

జపమాల మధ్యలో ఆగిపోతోంది. ఎక్కడ ఆగానో గుర్తుండదు.

ఏప్రిల్ 11, బుధవారం

శౌరి అన్నం ముందు కూర్చుని, నా మొహం చూడకుండా — "అమ్మా, ఆ పిల్ల రెండేళ్లు సెట్టు సెట్టుకీ గీత ఏస్తా అదే వల్లించినాది. నాను ఇన్నాను. నువ్వొక్కదానివే ఇన్లేదు."

నిజమే. నేను విన్నవి ఆమె తప్పులు మాత్రమే.

మధ్యాహ్నం మరియని అడిగాను. ఉపవాసమని ఎందుకు చెప్పలేదు?

"సెప్పనిచ్చినారా, అత్తా?"

రేపు పొద్దున్న ఫాదర్‌గారి పూజ బంటింగ్‌లో, బస్సెక్కి వెళ్లే ఊళ్లో. అది కాగానే క్లాంగ్ పట్నం వెళ్లిపోతారు. మళ్లీ మూడు నెలలకి గానీ రారు. ఆ మూడు నెలలూ కుళాయి దగ్గర ఈ మాట మోయాల్సింది ఆమే.

"బంటింగ్ రా, మరియా. నేను తీసుకెళ్తాను."

"నాను రాను. నోరు తెరిస్తే మీ గరిటే గేపకమొస్తాది."

క్షమించమని అడగాలి. నోటి దాకా వచ్చింది. బయటికి వచ్చింది మాత్రం — "బియ్యం నానబెట్టావా?"

నానబెట్టింది. ఎప్పుడో.

ఇక జరగాల్సినవి:

1. ఈ సాయంత్రమే మరియని క్షమించమని అడగాలి. ఆ మాటకి ఏ పనీ తగిలించకూడదు.

2. రేపు బస్సుకి ముందు కుళాయి దగ్గర ఆగాలి. సూరమ్మ ఉన్నప్పుడే. ఫాదర్ వద్దనలేదు, ఆ పిల్ల ఉపవాసం నేనే చెడగొట్టాను — అందరికీ వినపడేలా చెప్పాలి.

3. బంటింగ్‌లో పూజకి ముందు పాపసంకీర్తనం. గరిటె. ఫాదర్‌గారి ముందు దాచిన నిజం. కోపం గుండెల్లో పెట్టుకుని సత్ప్రసాదం తీసుకోవడం. ఏదీ తగ్గించకూడదు.

4. రేపు సత్ప్రసాదం అందాలంటే మరియ ఈ అర్ధరాత్రి నుంచి ఏమీ ముట్టకుండా ఉండాలి. తనంతట తనే. నేను గుర్తు చేయకూడదు. అడగకూడదు. వంటింట్లోకి తొంగి చూడకూడదు.