రెండో కార్డు

2013 సెప్టెంబర్ 12, గురువారం

షెల్ఫులో ఉన్న ఆ జంట గ్రాఫిక్స్ కార్డులు ఇవాళ అమ్ముడుపోయాయి. అన్నయ్య సంతోషం పట్టలేక నాకు రోజ్ మిల్క్ తెప్పించాడు. సగం తాగి పక్కన పెట్టేశాను.

కొన్నాయన పేరు ఏళుమలై. పెరంబూర్ రైల్వే క్వార్టర్స్‌లో ఉంటాడు. లోకో పైలట్. రైలు నడిపే గేమ్ ఆడుకోవడానికి మంచి కంప్యూటర్ కావాలన్నాడు. పొద్దంతా రైలు నడిపి ఇంటికొచ్చి మళ్ళీ రైలేనా సార్ అన్నాను. మా ఆవిడా అదే అడుగుతుందమ్మా, డ్యూటీలో కాట్పాడి ఎండ తప్ప ఏం చూస్తాను, గేమ్‌లో అయితే మంచు కొండల్లో నడుపుకోవచ్చు, ఆలస్యమైతే అడిగేవాడూ ఉండడు అన్నాడు.

ఒకే పెద్ద గ్రాఫిక్స్ కార్డు మంచిదా, రెండు చిన్నవి కలిపి పెట్టుకుంటే మంచిదా అని ఆయనే అడిగాడు. నేను నోరు తెరిచేలోపే ఆయనే తేల్చేశాడు కూడా. ఘాట్ ఎక్కేటప్పుడు గూడ్సుకి రెండు ఇంజన్లు కడతాం కదమ్మా, ఒకటి లాగలేని బరువు రెండు లాగుతాయి, ఇదీ అంతేగా అన్నాడు.

అంతే కాదు. రిచీ స్ట్రీట్‌లో పదకొండేళ్ళుగా కంప్యూటర్లు బిగిస్తున్నదాన్ని, నాకు తెలుసు. ఆ గేమ్‌కి రెండో కార్డు సాయం చెయ్యదు సరికదా, అడ్డం పడుతుంది. కానీ ఆ జంట పోయిన దీపావళి నుంచి మా షెల్ఫులో మగ్గుతోంది. పాత సరుకుకి ఆయుధపూజనాడు బొట్టు పెట్టకూడదని మా నాన్న నాటి పట్టింపు. ఈలోపు వదిలించకపోతే ఆ డబ్బాలు నీ నెత్తిన పెట్టి పూజ చేస్తాను అల్లీ అని అన్నయ్య వారంనుంచి పోరుతున్నాడు.

అవును సార్, అంతే అన్నాను.

అబద్ధం నేనేమీ కల్పించలేదు. ఆయన అన్నదానికి తలూపానంతే. ఈ మాట రాసుకుంటే మనసు తేలికవుతుందనుకున్నాను. కాలేదు.

సెప్టెంబర్ 21, శనివారం

ఏళుమలై సార్ ఫోన్ చేశాడు. మలుపుల్లో పట్టాలు తడబడుతున్నట్టు, చూపు ఒక్క క్షణం తెగి మళ్ళీ అతుక్కున్నట్టు ఉందట. స్క్రీన్ మూల అంకె ఎంత చూపిస్తోంది సార్ అన్నాను. డెబ్బై అన్నాడు. మా ఆవిడని కూర్చోబెట్టి చూపించాను, బ్రహ్మాండంగా ఉంది కదా అంటుంది, నాకొక్కడికే కుదుపు కనపడుతోందమ్మా అన్నాడు.

ఆవిడ పట్టాల్ని చూసి బతకదు. ఆయన ఇరవై రెండేళ్ళుగా చూసేది వాటినే.

అంకె సెకనుకి ఎన్ని బొమ్మలు పడుతున్నాయో చెబుతుంది. ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య ఎడం సమంగా ఉందో లేదో చెప్పదు. రెండు కార్డులు వంతులేసుకుని గీస్తే ఆ ఎడం హెచ్చుతగ్గులవుతుంది. మంచి కన్ను దాన్ని పట్టేస్తుంది. ఆయనది మంచి కన్ను.

ఇదంతా చెప్పాల్సిన చోట, డెబ్బై ఉంటే మెషీన్ బాగున్నట్టే సార్ అన్నాను. పక్కనుంచి అన్నయ్య కళ్ళజోడు పెట్టుకున్నట్టు సైగ చేసి నవ్వాడు. నేనూ ఆ నవ్వుతోనే, ఒకసారి కళ్ళు చూపించుకోండి సార్ అనేశాను.

అవతల ఆయన నవ్వలేదు. సరేనమ్మా అని పెట్టేశాడు.

సెప్టెంబర్ 22, ఆదివారం

సెలవు. నా కళ్ళు బాగానే ఉన్నాయి, నిద్రే రాలేదు.

అక్టోబర్ 3, గురువారం

ఆయన షాపుకొచ్చాడు. సెల్వనాయకి చేసిందని మురుకుల డబ్బా ఇచ్చాడు. ఆవిడ ఆయన భార్య. మెషీన్ గురించి ఒక్క ముక్క అడగలేదు. స్టూలు మీద కూర్చుని, బయట ఎవరితోనూ అనకమ్మా అని మొదలుపెట్టాడు.

కళ్ళజోళ్ళ షాపులో చూపించుకున్నాడట. బాగానే ఉన్నాయన్నారట. అక్షరాలు చదివితే వాళ్ళకి చాలు, నాకు కదిలేదాంట్లో తేడా వస్తోంది, ఆ సంగతి వాళ్ళకేం తెలుసు అన్నాడు. మొదట గేమ్‌లోనే అనుకున్నాడట. ఇప్పుడు డ్యూటీలో కూడా సిగ్నల్ చూడగానే, నిజంగా చూశానా లేక ఒక క్షణం తెగిందా అని అనుమానం వస్తోందట. నా వెనక వెయ్యి మంది నన్ను నమ్మి నిద్రపోతారమ్మా అన్నాడు. నువ్వు కళ్ళు చూపించుకోమన్నది మంచిదయింది, లేకపోతే పట్టించుకునేవాణ్ణి కాదు అని కూడా అన్నాడు.

చెప్పేద్దామనుకున్నాను. అంతలో కస్టమర్ వచ్చాడని ఇక్కడ రాయబోయాను. ఎవరూ రాలేదు. షాపు ఖాళీగానే ఉంది. నాకు నోరు రాలేదు, అంతే.

మురుకులు అన్నయ్య తిన్నాడు.

అక్టోబర్ 9, బుధవారం

తిరువళ్ళూరు దాటాక ఏళుమలై సార్ బండి ఆపేశాడట. సిగ్నల్ పచ్చగానే ఉంది. పక్కనున్న అసిస్టెంట్ పచ్చ అని గట్టిగా చెప్పినా ఆయనకి నమ్మకం కుదరలేదట. ఎందుకు ఆపావో చెప్పమని ఆఫీసువాళ్ళు కాగితం ఇచ్చారు. ఫోన్‌లో ఈ సంగతి చెబుతూ, తప్పు నాదేలే అమ్మా అన్నాడు.

ఎర్రదీపం దగ్గర ఆపకపోవడం కంటే ఇది నయమే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ తర్వాత కౌంటర్ మీదున్న స్క్రూలన్నీ సైజు ప్రకారం వేరు చేశాను. ఎవరూ చెయ్యమనలేదు.

ఇంటికి వెళ్ళేటప్పుడు అన్నయ్యతో అన్నాను, ఆ జంట కార్డుల సంగతి ఆయనకి చెప్పేస్తానని. చెప్పు, చెప్పి షాపుకి తాళమేసి ఆయన ఇంజన్‌లో బొగ్గు వెయ్యడానికి పో అన్నాడు. ఇప్పుడు బొగ్గు ఇంజన్లు లేవు. 

అక్టోబర్ 12, శనివారం

రేపు ఆయుధపూజకి కంప్యూటర్‌కి గంధం ఎక్కడ పెట్టాలని అడగడానికి ఏళుమలై సార్ ఫోన్ చేశాడు. ఫ్యాన్ జాలీల దగ్గర వద్దు సార్, కుంకుమ లోపలికి పోతుంది, పక్క రేకు మీద పెట్టండి అన్నాను.

అప్పుడు చెప్పాడు. సోమవారం ఆఫీసుకెళ్ళి, నా చూపు మీద నాకే నమ్మకం లేదు, బండి మీదనుంచి దింపెయ్యండి అని చెబుతాడట. దింపేశాక ఎక్కడో కుర్చీ చూపిస్తారట. విజయదశమి అందరూ మొదలుపెట్టే రోజు కదమ్మా, నేను ముగిస్తున్నాను అన్నాడు. ఆ మాట నవ్వుతూనే అన్నాడు.

రేపే వెళ్తాను. సర్వీసింగ్ అని చెప్పి ఒక కార్డు పీకి సంచిలో వేసుకొస్తాను. కుదుపు పోతుంది. ఆయన అనుమానం పోతుంది. ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అక్టోబర్ 13, ఆదివారం, సాయంత్రం

పూజ పీట మీద గంధం బొట్టు పెట్టిన నా స్క్రూడ్రైవర్ తీసి సంచిలో వేసుకున్నాను. ఇవాళ ఆయుధం తీస్తావా, కళ్ళు పోతాయే అని అన్నయ్య కేకలేశాడు. పోతే నావి పోనీ అన్నాను.

పెరంబూర్‌లో వాళ్ళ ముందుగదిలో పీట మీద వరసగా అన్నీ పెట్టి ఉన్నాయి. డ్యూటీ టార్చి, ఎర్ర జెండా, పచ్చ జెండా, కత్తిపీట, కుట్టుమిషను, చివర కంప్యూటర్. దానికి బంతిపూల దండ. సెల్వనాయకి అక్క గిన్నెలో ప్రసాదం సుండల్, శనగల గుగ్గిళ్ళు, పెట్టిచ్చి కూర్చోమంది.

రెండు నిమిషాల పని సార్, మూత తీసి దుమ్ము దులిపేస్తాను అన్నాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. ఇవాళ ఏదీ తాకకూడదు కదమ్మా, ఏడాదికి ఒక్కరోజు వాటికీ సెలవు, రేపు పునఃపూజ అయ్యాక చూద్దువు గానీ అన్నాడు. రేపు పొద్దున్నే ఆయన ఆఫీసుకి వెళ్ళిపోతాడు. నేను బతిమాలాను. షాపు పెట్టుకున్నదానివి నీకు తెలియదా, దండ వేసినదాన్ని స్క్రూడ్రైవర్‌తో పొడుస్తావా అంది సెల్వనాయకి అక్క.

చేతులతో చెయ్యడానికి లేదు. ఇక మిగిలింది నోరే.

సార్, ఘాట్‌లో రెండు ఇంజన్లకి ఇద్దరు డ్రైవర్లు ఉంటారు కదా, ఒకరి విజిల్ ఇంకొకరికి వినపడకపోతే ఏమవుతుంది అని అడిగాను. ఆ ప్రశ్నకి ఆయన ముఖం వెలిగింది. అయ్యో, ఒకడు లాగుతాడు, ఒకడు ఆపుతాడు, పెట్టెల మధ్య కప్లింగులు పీక్కుంటాయి, బండంతా కుదుపే అన్నాడు.

అని ఆగాడు. కంప్యూటర్ వైపు చూశాడు. తర్వాత నావైపు.

కుదుపు మీ కళ్ళలో లేదు సార్ అన్నాను. ఆ గేమ్‌కి ఒకటే కార్డు పెట్టాల్సింది అన్నాను. నీకెప్పుడు తెలిసింది అన్నాడు. అమ్మిన రోజే తెలుసన్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఇంటికొచ్చి అన్నం తినేదాన్ని. ఆయన పీట మీది జెండాల వైపు చూశాడు. షాపులో తలూపావు, సరే, సరుకు కదలాలి. మరి ఫోన్‌లో కళ్ళు చూపించుకోమన్నావే, అదెందుకమ్మా అన్నాడు.

నవ్వులాటకి అన్నాను, అంతకంటే కారణం లేదు.

నేను లేస్తుంటే సెల్వనాయకి అక్క గిన్నె తీసుకుంది. సుండల్ అలాగే ఉంది. తిని వెళ్ళమనలేదు.

అక్టోబర్ 22, మంగళవారం

ఆయన వచ్చాడు. రెండో కార్డు ఎవరితోనో తీయించి, పాత ధోతీగుడ్డలో చుట్టి తెచ్చాడు. కౌంటర్ మీద పెట్టాడు. గేమ్ ఇప్పుడు నూనె రాసినట్టు సాగుతోందట. అయినా ఆఫీసుకి వెళ్ళి పరీక్ష చెయ్యమని తానే అడిగాడట. అనుమానం వచ్చాక నువ్వు చెప్పావని వదిలెయ్యలేను కదా అన్నాడు. పెద్ద డాక్టర్లు చూశారు. కళ్ళు కుర్రాడి కళ్ళలా ఉన్నాయన్నారు. రేపటినుంచి మళ్ళీ బండెక్కుతాడు.

నాకు ఏడుపొచ్చింది. ఆయన కూర్చోలేదు. డబ్బు తిరిగిస్తానంటే వద్దని చెయ్యి ఊపాడు. డాక్టర్ కాగితం మీద రాసిచ్చాడమ్మా, కానీ పచ్చదీపం చూస్తే రెండోసారి చూడకుండా ఉండలేకపోతున్నాను, దానికి ఎవరు మందిస్తారు అన్నాడు. కోపంగా అనలేదు. వానొస్తుందేమో అన్నట్టు అన్నాడు.

దీన్ని ఎవరికైనా అమ్ముకో, ముందు చెప్పి అమ్ము అని వెళ్ళిపోయాడు. టీ తెప్పిస్తానన్నా ఆగలేదు.

తర్వాత కాలేజీ కుర్రాళ్ళు ఇద్దరొచ్చి, ఒకటా రెండా అక్కా అని అడిగారు. ఒకటే అన్నాను. అన్నయ్య నావైపు ఎర్రగా చూశాడు. చూడనీ.

నవంబర్ 17, ఆదివారం

అరక్కోణంలో పెళ్ళికి రైల్లో వెళ్ళాను. తిరువళ్ళూరు దాటాక బండి ఆగింది. తలుపు దగ్గరికెళ్ళి చూశాను. మలుపు కాబట్టి సిగ్నల్ కనపడుతోంది. పచ్చగా ఉంది.

చాలాసేపు కదల్లేదు. పెట్టెలో అందరూ డ్రైవర్ని తిట్టారు. నేను తిట్టలేదు.