హాజరు పట్టీలో మీ నాన్న

చిరంజీవి ఏంజెలిన్‌కు,

నాయనమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం క్షేమం. నా మోకాళ్లు మాత్రం ఆ లెక్కలోకి రావు. నువ్వూ హాస్టల్లో వేళకు తింటున్నావని తలుస్తాను.

చక్కెర మానేశావా అని అడిగావు. మానేశాను. ఆదివారం ప్రార్థన తరువాత ఇచ్చే టీలో ఉండేది నాది కాదు, సంఘానిది.

నీ రెండో ప్రశ్నకు ఫోనులో జవాబు చెప్పలేను, మీ నాన్న పక్కనే ఉంటాడు. "నాన్న లారీ కింద కాలు పోగొట్టుకున్న కామమ్మను ఆయన ఒక్కసారైనా చూసి వచ్చాడా? నర్సు చదువు చదువుతూ ఆయన కూతుర్నని చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది" అని రాశావు. వెళ్లలేదు. ఎందుకో చెబుతాను, కూర్చుని చదువు.

ఆ రోజు పగలు పదకొండు గంటలకు మైపాడు రోడ్డు మీద, ఎండుచేపల గంపతో నడుస్తున్న కామమ్మను గుద్దింది మీ నాన్న పనిచేసే మస్తానయ్య లారీయే. తోలింది మాత్రం మీ నాన్న కాదు, మస్తానయ్య కొడుకు. వాడికున్నది కారు లైసెన్సు. రొయ్యల మేత బస్తాలు నింపిన లారీ తోలాలంటే హెవీ లైసెన్సు ఉండాలని వాడికీ తెలుసు, వాళ్ల నాన్నకు ఇంకా బాగా తెలుసు. సాయంత్రానికి మస్తానయ్య మన వాకిట్లో ఉన్నాడు.

"హెబ్రోనూ, నీకు హెవీ ఉండాది. నువ్వు తోలినానని చెప్తే మామూలు కేసు. మావాడైతే నేరుగా జైలే. నీ పని ఎక్కడికీ పోదు, నాదీ పూచీ" అన్నాడు.

మీ నాన్న సంతకం పెట్టాడు.

నాలుగు నెలలకు మీ నాన్న లైసెన్సు సస్పెండ్ చేశారు. పనికి పోతే మస్తానయ్య అన్న మాట ఇది: "లైసెన్సు లేనోణ్ణి బండెక్కిస్తే చట్టం ఒప్పుకోదు గదా హెబ్రోనూ." చట్టం మీద ఆయనకు కొత్తగా పుట్టుకొచ్చిన ఆ భక్తి విన్నాక నాకు అన్నం సహించలేదు.

పగ దేవుడికి వదిలేయండమ్మా అన్నారు పాస్టరు గారు. దేవుడి దగ్గర ఇప్పటికే చాలా దరఖాస్తులున్నాయి, ఇది నేను చూసుకుంటాను అన్నాను.

మీ నాన్న మస్తానయ్య డీజిల్ ట్యాంకరు కూడా తోలేవాడు కదా. మండే సరుకు తోలడానికి లైసెన్సులో వేరే అనుమతి ఉండాలి. అది కొనసాగాలంటే మూడేళ్లకొకసారి ఒక రోజు తరగతికి కూర్చోవాలి. కామమ్మ కాలు పోయిన రోజు మీ నాన్న నాయుడుపేటలో ఆ తరగతిలో ఉన్నాడు. తొమ్మిదిన్నరకు ఒక సంతకం, ఒంటిగంటకు ఒకటి, నాలుగింటికి ఒకటి. ముప్పై నాలుగేళ్లు బడిలో హాజరు వేసినదాన్ని నేను. బస్సెక్కి నాయుడుపేట వెళ్లాను. తరగతి చెప్పిన ఆయన నా పాత విద్యార్థి. చేతులు కట్టుకుని విని, హాజరు పట్టీ నకలు ఇచ్చాడు. దాన్ని దరఖాస్తుతో సహా పోలీసు స్టేషన్‌లో ఇచ్చాను.

మొన్న మస్తానయ్య ఆపిల్ పళ్లతో వచ్చాడు. "మేడమ్, పిల్లోడి బతుకు పాడు చేయొద్దు."

"ముప్పై ఏళ్ల పిల్లోడా?"

"అబద్ధం చెప్పినందుకు మీవాడూ ఇరుక్కుంటాడే."

"ఇరుక్కుంటాడు. నీ కొడుకు పక్కనే కూర్చుంటాడు. నీకూ చోటు పెట్టించినాలే."

పళ్లు తిరిగి పట్టుకుపోయాడు.

ఇక ఇంతవరకు రాయలేకపోయినది. ఆ సాయంత్రం మీ నాన్న ఒప్పుకోలేదు. "చేయని పాపం నా మీద ఏసుకోనమ్మా" అని గడప మీద కూర్చుండిపోయాడు. నీ చదువు ఆగిపోతుందని భయపెట్టి, పెన్ను చేతికిచ్చింది నేను. దరఖాస్తులో అదీ రాశాను.

అది ఇచ్చే ముందు కామమ్మ ఇంటికి వెళ్లి అంతా చెప్పాను.

"ఎనిమిది నెల్లుగా పొద్దన్నే లేసి నీ కొడుకును తిట్టుకుంటా ఉండా టీచరమ్మా."

"ఆ తిట్లు మస్తానయ్య కొడుక్కి మార్చు."

"వాడికి ఏస్తాలే. నీకు?"

"నాకూ వెయ్యి."

"పెద్ద చదువు చదివినదానివి. నీకే ఎక్కువ పడతాయి" అంది.

శుక్రవారం మా వాంగ్మూలాలు తీసుకుంటారు. మీ నాన్న నాతో మాట్లాడటం లేదు. నువ్వు ఫోను చేసి, సిగ్గుగా ఉందన్న మాట ఆయన మీద నుంచి తీసెయ్. నా మీద వేసుకుంటావో లేదో నీ ఇష్టం. మాకు శిక్ష పడితే పడనీ. ఆ వరుసలో మస్తానయ్య కొడుకు అందరికంటే ముందు నిలబడాలి. అది చూశాకే నేను కూర్చుంటాను.

ఇట్లు,
పెన్ను అందించిన మీ నాయనమ్మ,
రెబెక్కమ్మ