మోతీ ఇంటి తూర్పు గోడ

పెద్దవంగర,
ఆదివారం.

చిరంజీవి సుమకు,

బాపు ఆశీస్సులు. దేవుని దయవల్ల ఇక్కడ అమ్మ మోకాలు తప్ప అందరం బాగానే ఉన్నాం. భూపాలపల్లిలో నువ్వు, అల్లుడు, పాప కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఫోన్‌లో అయితే నేను అరుస్తానని నువ్వు ఉత్తరమే రాస్తావు. ఇన్నాళ్ళూ జవాబు అమ్మ ఎవరితోనో రాయించేది. ఈసారి అక్షరాలు చూసి పరేషాన్ కాకు, నా చేతితోనే రాశాను. తొమ్మిది రోజులు పట్టింది. ఎట్లా వచ్చిందో కింద చెబుతాను. ముందు నువ్వు అడిగిన వాటికి జవాబు.

దవాఖానలో ఇచ్చిన గోలీలు అమ్మకు పనిచేస్తున్నాయి. నన్ను తిట్టే బలం వచ్చింది, అంటే నయమైనట్టే. చర్చి ప్రహరీ పూర్తయింది. సగం నేను నిలబడి కట్టించాను. ఏ సగమో చూస్తేనే తెలుస్తుంది.

ఇక నీ క్లాసు సంగతి. ఫోన్‌లో పెద్దలకు చదువు చెబితే ఇరవై మందిలో ఏడుగురే మిగిలారని, యాకమ్మ అత్త అందరి పుస్తకాల ఫోటోల కింద తప్పు, తప్పు అని రాస్తోందని, మేనత్తను గట్టిగా అనలేకపోయావని, నీకే చెప్పడం రాదేమో, నెలాఖరుకు మానేస్తానని రాశావు. "బాపూ, నువ్వు మొహమాటం లేకుండ చెప్తవు, చెప్పు" అన్నావు. చెబుతున్నాను. మానేయకు. తప్పు నీది కాదు. అత్తది కూడా కాదు.

నీ క్లాసు నేను అత్త ఫోన్‌లో విన్నాను. మొదటి రోజు నువ్వు "మీ ఊరి బస్సు గురించి చెప్పండ్రి" అని అడిగి ఊరుకున్నావు. ఒక్కరూ పలకలేదు. ఫోన్ చెడిపోయిందనుకుని అత్త చేతిలోంచి తీసుకుని రెండుసార్లు దులిపాను. నువ్వు అట్లాగే ఆగావు. అంతసేపట్లో నేనైతే ముగ్గురిని తిట్టి ఉండేవాణ్ణి. చివరికి నర్సింహులపేట దగ్గరి తండా నుంచి మోతీ గొంతు సన్నగా లేచింది. ఇంట్లో మాట్లాడేది వాళ్ళ భాష. తెలుగులో తడుముకుంటూనే, రాని బస్సు కోసం ఎదురుచూసిన కథంతా చెప్పింది. అదే తండా పూల్‌సింగ్ మధ్యలో దూరబోతే నువ్వేమన్నావు? "పూల్‌సింగన్నా, ఇయ్యాల నువ్వు ఇను. ఎవరేం చెప్పిండ్రో ఆఖరుకు నువ్వే చెప్పాలె." అందరి నోరూ మూయించే మనిషి ఆ రోజు అందరి మాటా విన్నాడు. నలభై ఏళ్ళు కూలీలతో పని చేయించిన మేస్త్రీని, ఈ ఉపాయం నాకు ఒక్కనాడూ తట్టలేదు.

పుస్తకం ఫోటో పెడితే ఒక్కొక్కరికీ విడిగా, నీ గొంతుతో చెబుతావు. ముందు కుదిరింది చెప్పి, దిద్దుకోవాల్సింది ఒక్కటే చెబుతావు. పది ఉన్నా ఒక్కటే. అది మాత్రం నాకు నచ్చలేదు. మిగతా తొమ్మిది ఎవరు చూస్తారు అనుకున్నాను.

ఉత్తరం ఇక్కడిదాకా వచ్చాక రెండు రోజులు ముందుకు రాయలేకపోయాను. సుమా, యాకమ్మ రెండో రోజుకే చేతులెత్తేసింది. "నాతోని గాదన్నా. పేరు నాదే ఉండనీ, నువ్వు కూసో" అని ఫోన్ మనింట్లో పెట్టి మిరప ఏరడానికి పోయింది. నీ క్లాసులో నోరెత్తని యాకమ్మను నేనే. ఈ అక్షరాలు అట్లా వచ్చినవే. బిడ్డ దగ్గర అక్షరాలు దిద్దుతున్నాడని ఊళ్ళో నవ్వుతారని నా పేరు పెట్టలేదు.

నువ్వు వదిలేసిన ఆ తొమ్మిదీ నేను పట్టుకున్నాను. నువ్వు బోర్డు మీద రాసింది పక్కన పెట్టుకుంటే వంకర ఎక్కడుందో నాకు కనబడదా? కనబడిన ప్రతిచోటా తప్పు అని రాశాను. మేస్త్రీ పని అదే అనుకున్నాను. వంకరగా లేచిన ఇటుకల వరుసను కాలితో తన్ని మళ్ళీ కట్టించినవాణ్ణి కదా. మోతీ ఫోటో కింద నాలుగుసార్లు రాశాను. వారం తిరక్కుండానే ఆమె క్లాసు మానేసింది. ఆమె వెనక ఒక్కొక్కరూ.

అప్పుడు నువ్వు అత్తకు పంపిన మాట విన్నాను. "అత్తా, నీ కన్ను మస్తు పదును. ఇంతమందిల అంత పట్టి చూసేటోళ్ళు లేరు. ఒక్కటే చెయ్యి. తప్పు అనేముందు, మంచిగ నిలబడ్డది ఏందో జర చెప్పు." నీ క్లాసు కూలగొడుతున్న మనిషిని కూడా ముందు మెచ్చుకున్నావు. ఏడుసార్లు విన్నాను. అమ్మ ఫోన్ గుంజుకుంది.

మర్నాడే తండాకు పోయాను. మోతీ ఇల్లు పద్దెనిమిదేళ్ళ కింద కట్టింది నేనే. గడపలోనే చెప్పాను, "రాసింది యాకమ్మ గాదు, నేను."

ఆమె లోపలికి పిలిచి, తూర్పు గోడకు ఆనించిన బీరువాను భర్త జాల్యాతో పక్కకు జరిపించింది. "గుండు పట్టు మేస్త్రీ" అంది.

గోడ నిలువు చూసే గుండూ దారమూ ఎప్పుడూ నా సంచిలోనే ఉంటాయి. పట్టాను. నేను కట్టిన గోడ రెండు వేళ్ళ మేర ఒరిగి ఉంది.

"పద్దెనిమిదేండ్లాయె. ఎన్నడన్న నీకు చెప్పిన్నా?" అంది. "వానకు కురవలే, గాలికి పడలే. మంచిగనే నిలబడ్డదనుకున్నం. బీరువ అడ్డం పెట్టినం."

జాల్యా చాయ్ ఇచ్చాడు. గ్లాసు పక్కన పెట్టి, ఎవరికీ ఎన్నడూ అనని మాట అన్నాను. "నీ అక్షరాలు నా గోడకన్న నిలువుగున్నయి, మోతీ."

అప్పుడు నవ్వింది. "గిదే ముచ్చట గ్రూపుల రాయి. యాకమ్మ పేరుతోని గాదు, నీ పేరుతోని. రాస్తేనే వస్త."

కనుక ఈ ఉత్తరం అందగానే మన ఇంటి నంబరు గ్రూపులో కలుపు. మొదటి మాట మోతీకి నేనే రాస్తాను. మానేసిన మిగతా పన్నెండు మంది ఇళ్ళకూ ఫోన్ చేస్తాను, పోవాల్సిన చోటికి పోతాను. క్లాసులో బాపూ అనకు. డేవిడ్ అని అందరి ముందూ పిలువు. వెంటనే పలకకపోతే, మొదటి రోజు ఆగినట్టు ఆగు.

ఈ ఉత్తరంలో వంకరలు చాలా ఉంటాయి. నువ్వు పదీ చూస్తావని తెలుసు. ఒక్కటే చెప్పు. ముందు నిలబడ్డది చెప్పు.

ఇట్లు,
అరవడం మానుకుంటున్న
నీ బాపు,
డేవిడ్ మేస్త్రీ