తమ్ముడు అడిగిన మాట

మే 12
పక్షవాతం వచ్చాక శౌరి నోట మొదటి మాట: "అక్కా". నర్సు పరుగున వచ్చింది. "ఫాదర్ గారు మిమ్మల్నే పిలుస్తున్నారండీ." వరండాలోకి వెళ్లి ఏడ్చాను. చర్చి గురువయ్యాక నన్నూ అందరిలాగే "మీరు" అనేవాడు. అక్క అని పిలిపించుకుని ఎన్నేళ్లయిందో...

మే 13
మళ్లీ అదే పిలుపు. ఇక్కడే ఉన్నాన్రా, అంటాను. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంటాడు.

మే 14
ముక్కులో గొట్టం వేశారు. నోటితో చుక్క కూడా పొయ్యొద్దన్నారు డాక్టరు గారు. "మింగడం రావట్లేదమ్మా. ఊపిరితిత్తుల్లోకి పోతుంది."
ఉయ్యూరు వెళ్లి బట్టలు తెచ్చుకున్నాను. బస్సంతా నిప్పుల కొలిమి.

మే 16
జోజి వచ్చాడు. సెమినరీలో శౌరి దగ్గర లాటిన్ చదివి, తనలాగే రోమ్ వెళ్లొచ్చిన ఫాదర్. మంచం పక్కన నిలబడి విన్నాడు. ముఖం మారిపోయింది.
"మిమ్మల్ని కాదమ్మా. 'అక్క్వా' అంటున్నారు. ఇటలీ భాషలో నీళ్లు."
తెలుగు పోయిందట. అక్కడ నేర్చుకున్నదే మిగిలిందట.
క్యాంటీన్లో చెప్పాడు, శౌరి మొదటి పాఠం ఈ మాటేనట. లాటిన్‌లో అక్వా. ఇటలీవాళ్లు క నొక్కి అక్క్వా చేశారు. స్పెయిన్‌లో క కాస్తా గ అయి, అగ్వా. "మా అక్క బళ్లో చెప్పే గసడదవాదేశం లాంటిదేరా" అనేవాడట. రొమేనియాలో అప. ఫ్రాన్సులో అరిగి అరిగి ఒక్క అచ్చే మిగిలింది, ఓ.
క్లాసులో నా గురించి చెప్పేవాడా... నాతో ఎప్పుడూ అనలేదు.

మే 17
పిలుస్తున్నాడని ఇన్నాళ్లూ మురిసిపోయాను. వాడు దాహం అంటున్నాడు.

మే 18
తడి దూదితో పెదాలు తుడవమన్నారు. దూదిని పళ్లతో పట్టేశాడు. వదలడు. నర్సు లాగేసింది.
"అగ్వా" అన్నాడు నా వైపు చూసి.
నాకు అర్థం కావట్లేదనుకుని భాష మారుస్తున్నాడు.

మే 20
జ్వరం. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరిందట. జోజి నుదుట నూనె రాసి, ప్రాణాపాయంలో ఉన్నవాళ్లకిచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చాడు. డాక్టరు గారిని అడిగాను, ఇప్పుడైనా ఒక్క చెంచా...
"ఆ మాట నన్నడక్కండమ్మా" అని వెళ్లిపోయారు.

మే 21
ఈరోజు ఏ భాషలోనూ అడగలేదు. పెదాలు కూడా కదపలేదు.
నర్సు భోజనానికి వెళ్లింది. గ్లాసులో నీళ్లు పోసుకుని కూర్చున్నాను. చెంచా ముంచాను. శౌరి చెంచానే చూస్తున్నాడు...